గంజి పొర ఏ సరుకుకి పనికొస్తుంది, ఏ సరుకుకి పనికిరాదు
పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

కిందటి నెల ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. కర్రపెండలం, మొక్కజొన్న, చింతగింజ లాంటివాటి పిండితో పల్చటి గంజి పొర పోసి తినుబండారాలకి కవరుగా వాడే పని చాలా దేశాల్లో నడుస్తోందని, ఆ పొర మట్టిలో పడితే కుళ్లిపోతుందని, కావాలంటే నోట్లోనూ వేసుకోవచ్చని. అంతే రాశాను. ఉత్తరాలు మాత్రం సంచీడు వచ్చాయి, అందులో సగం బరంపురానివే. వ్యాపారం తెలిసిన ఊరు, ఆశ్చర్యం లేదు. చాలామంది పేరు వేయవద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది మూడు తరాలుగా అప్పడాల పని. ఇంట్లో ఆడవాళ్లు ఒత్తుతారు, నేనూ మా తమ్ముడూ అమ్ముతాం. ప్లాస్టిక్ పాకెట్లు వద్దని కొందరు కొనేవాళ్లే అంటున్నారు. మీరు రాసిన గంజి కవర్లో అప్పడాలు కట్టి, “కవరు కూడా వేయించుకోండి” అని బోర్డు పెడదామని మా తమ్ముడి ఆలోచన. చెయ్యొచ్చా?
– అప్పడాల వ్యాపారి, బరంపురం

జవాబు: బోర్డు బాగుంది, మీ తమ్ముడికి నా మెప్పు చెప్పండి. పని మాత్రం మొదలెట్టకండి.

ఏ సరుకుకైనా కవరు వెతికే ముందు, ఆ సరుకు దేనివల్ల చెడుతుందో చూసుకోవాలి. నూనె సరుకు గాలి తగిలి ముక్కిపోతుంది. పొడులు వాసన పోగొట్టుకుంటాయి. మీ అప్పడానికి పేచీ అంతా తేమతోనే, అదీ రెండు వైపులా. లోపలి తేమ బయటికి పోతే పెళుసెక్కి పాకెట్‌లోనే ముక్కలవుతుంది. బయటి తేమ లోపలికొస్తే బూజు పడుతుంది. అంటే మీకు కావలసింది నీటి ఆవిరిని అటూ ఇటూ కదలనివ్వని కవరు. గంజి పొరకి చేతకాని పని అదొక్కటే అనుకోండి. పిండిపదార్థం నీటిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునే రకం, దాని అణువుల కట్టడమే అలాంటిది. పాలిథిన్‌కి నీరు గిట్టదు, అందుకే అది మీ అప్పడాన్ని ఇన్నాళ్లూ కాపాడింది.

నా మాట మీద నమ్మకం పెట్టనక్కర్లేదు. మూడు స్టీలు గ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోయండి. ఒకదానికి పాలిథిన్ ముక్క, ఒకదానికి గంజి పొర రబ్బరు బ్యాండుతో బిగించండి, మూడోది తెరిచి వదిలేయండి. బంగారం కొట్లో ఉండే చిన్న కాటా మీద రోజూ తూచండి. పాలిథిన్ గ్లాసు బరువు దాదాపు కదలదు. గంజి పొర గ్లాసు రోజురోజుకీ తేలికవుతుంది, పైగా పొర మెత్తబడి లోపలికి జారుతుంది. శ్రావణ మాసంలో మీ కొట్లో జరిగేదీ అదే. పొర అప్పడానికి అతుక్కుంటుంది. బూజు కూడా ముందు పొరకే పడుతుంది, ఎందుకంటే అది కూడా తిండే.

ఇంకొకటి. తినే కవరుని అన్నిటికన్నా పైన వేసి అమ్మితే, లారీ దుమ్ము, కూలీ చేతులు, కొట్లో ఈగలు అన్నీ దాని మీదే. అది ఎవరు తింటారు? తినే పొరకి పైన మళ్లీ ఒక కవరు ఉండి తీరాలి. కాబట్టి “ప్లాస్టిక్ బదులు” అనే మాటతో మొదలుపెడితే ఈ విద్యలో నష్టమే. దాని చోటు పాకెట్ లోపల.

చట్టం సంగతి: 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ప్లేట్లు, కప్పులు, స్ట్రాలు, చెంచాలు, మిఠాయి డబ్బాల చుట్టూ చుట్టే పల్చటి ఫిల్ము లాంటివి ఉన్నాయి. అప్పడాల పాకెట్ అందులో లేదు. చేతిసంచీ అయితే మందం 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తక్కువ ఉండకూడదు, అది 2022 డిసెంబర్ 31 నుంచి. మీరు పాకెట్‌కి ఒకే రకం ప్లాస్టిక్ వాడండి, రెండు మూడు రకాలు అతికించిన తళతళల కవర్లు వద్దు. ఒకే రకమైతే ఏరుకునేవాళ్లు తీసుకుంటారు, మళ్లీ కరిగించడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా పుట్టిల్లు ఆత్రేయపురం దగ్గర. పెళ్లయి ఛత్రపురం వచ్చాను. మీరు రాసింది చదివితే మా అమ్మ కుండ మీద తీసే పూతరేకు గుర్తొచ్చింది. అది కూడా ఇదేనా?
– ఒక కోడలు, ఛత్రపురం

జవాబు: అదేనమ్మా, అచ్చంగా అదే. బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పాలలో గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగితే నీరు క్షణంలో ఎగిరిపోయి గంజి పొర మిగులుతుంది. ఫ్యాక్టరీల్లో వేడి డ్రమ్ము మీద ఇదే పని చేస్తారు. మీ ఊరి రేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మీ అమ్మగారు రేకు మడతపెట్టే ముందు తడి గుడ్డ అద్దుతారు కదా? అక్కడే అసలు కిటుకు ఉంది. ఎండిన గంజి పొరలో అణువుల గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, వంచితే పుటుక్కుమంటుంది. మధ్యలోకి కాస్త నీరు చేరితే పట్టు సడలుతుంది, పొర వంగుతుంది. నీరు ఎగిరిపోతే మళ్లీ పెళుసే. అందుకే ప్రయోగశాలల్లో నీటికి తోడు గ్లిజరిన్ కలుపుతారు, అది ఎగిరిపోదు. అంతకు మించి తేడా లేదు. మామిడి తాండ్ర కూడా ఈ కుటుంబమే. అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పళ్ల గుజ్జుతో పల్చటి పొరలు పోసి వాటిలో ఆహారం చుట్టే పని చేశారు. చాప మీద తాండ్ర పోసేవాళ్లకి దాన్ని కొత్తగా నేర్పక్కర్లేదు.

ప్రశ్న: గౌరవనీయులైన టీచర్ గారికి. గడ్చిరోలి జిల్లా సిరొంచలో సైన్సు చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలతో మొక్కజొన్న పిండి పొర చేయించాను. వానాకాలంలో బాగానే లేచింది. ఎండలు ముదిరాక చేసినవి ఆరుతూనే పగిలిపోతున్నాయి. కొలతలు తప్పా, మా ఊరి ఎండ తప్పా?
– ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: మీ ఊరి ఎండదే. కొలతలు మీరు రాయలేదు కాబట్టి నేను పిల్లలకి చెప్పేవి రాస్తాను, పోల్చి చూసుకోండి.

నీళ్లు 100 మిల్లీలీటర్లు, పిండి 5 గ్రాములు, గ్లిజరిన్ 1.25 నుంచి 1.5 గ్రాములు, అంటే పిండి బరువులో నాలుగో వంతు నుంచి మూడు పదుల శాతం. ముందు చన్నీళ్లలో పిండి ఉండలు లేకుండా కలిపి, ఆపకుండా తిప్పుతూ 80–85 డిగ్రీల దాకా వేడిచేసి, తెల్లదనం పోయి గాజులా మారాక ఇంకో పది నిమిషాలు ఆ వేడి మీదే ఉంచండి. పిల్లలు ఇక్కడే తొందరపడి దించేస్తారు. పిండి రేణువు పూర్తిగా పగలకపోతే పొరలో తెల్లటి చుక్కలు మిగులుతాయి, చీలిక అక్కణ్ణుంచే మొదలవుతుంది. దించాక బుడగలు పోయేదాకా ఆగి, సమతలంగా పెట్టిన పళ్లెంలో పోయండి. 23 సెంటీమీటర్ల పళ్లెంలో 80 మిల్లీలీటర్లు పోస్తే ఆరాక సుమారు 80–90 మైక్రాన్ల పొర వస్తుంది. స్టీలు పళ్లెం అయితే అంటుకుని ఏడిపిస్తుంది. నున్నటి ప్లాస్టిక్ పళ్లెం మీద చక్కగా లేస్తుంది, నవ్వకండి. 40–50 డిగ్రీల వేడిలో గానీ, నీడలో రాత్రంతా గానీ ఆరాలి. మీ మే నెల ఎండలో పెడితే పైభాగం ముందు బిగిసి, కింద ఇంకా తడిగా ఉంటుంది. పగలక ఏం చేస్తుంది?

గ్లిజరిన్ గాలిలోని తేమని లాక్కుని పొరని మెత్తగా ఉంచుతుంది. గాలిలోనే తేమ లేకపోతే అది మాత్రం ఎక్కడ తెస్తుంది? అందుకని ఎండాకాలంలో గ్లిజరిన్‌ని పిండిలో 35–40 శాతానికి పెంచండి. అదే పొరని గోపాల్‌పూర్ తీసుకొస్తే మాత్రం చేతికి జిగురుగా తగులుతుంది, ఇక్కడ సముద్రపు గాలి.

దీన్నే పిల్లలకి ప్రయోగంగా ఇవ్వండి. మూత గట్టిగా పడే రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదాని అడుగున మామూలు ఉప్పుని కాసిని నీళ్లతో ముద్దగా కలిపి పెట్టండి. ఆ డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలిచిపోతుంది. రెండోదాన్లో మెగ్నీషియం క్లోరైడ్ ముద్ద పెడితే 33 శాతం. మొదటిదాని మీద “గోపాల్‌పూర్”, రెండోదాని మీద “సిరొంచ” అని రాసి, ముద్దకి తగలకుండా జల్లెడ మీద ఒకే పొర ముక్కలు రెంటిలోనూ పెట్టి రెండు రోజులాగి వంచి చూడమనండి. సైన్సు ప్రదర్శనకి అంతకన్నా మంచి బల్ల నాకు తోచడం లేదు. సిమెంటు అగ్నిపర్వతాలు చూసి చూసి విసుగొచ్చింది.

ప్రశ్న: మేడమ్, నేను పర్లాకిమిడిలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి చింతగింజ తీసుకుందామనుకుంటున్నాను. గజపతి, రాయగడ సంతల్లో చింతపండు వలిచాక గింజ కారుచౌక. అందరూ స్టార్చ్ (పిండిపదార్థం) మీదే చేస్తున్నారు, ఇది తీసుకుంటే తప్పా?
– విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: తప్పు కాదు, తెలివైన పని. చింతగింజ పప్పులో సగానికి పైగా జైలోగ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. గ్లూకోజ్ గొలుసుకి పక్కన జైలోజ్, గెలాక్టోజ్ కొమ్మలు. చల్లటి నీళ్లలో ఉబ్బి, మరిగిస్తే చిక్కటి బంక అవుతుంది, ఆరితే సాగే గుణమున్న పొర వస్తుంది. నూలుకి, జనుముకి గంజి పెట్టడానికి మిల్లులు వాడేది ఇదే. మన ఒడిశాలో పటచిత్రం వేసేవాళ్లు గుడ్డ మీద గుడ్డ అతికించి, సుద్దపొడి కలిపి మెత్తేది కూడా చింతగింజ బంకే. రంగు ఎక్కే ఆ నున్నటి తలం ఒక పొరే కదా, తినడానికి పోసింది కాదు గానీ. జపాన్‌లో ఈ బంకని తినే పదార్థాల్లో చిక్కదనం కోసం ఎప్పటినుంచో వాడుతున్నారు.

గింజలు వేయించి పై తోలు పూర్తిగా తీసేయి. అందులో టానిన్లు ఉంటాయి, వగరు, పైగా పొర గోధుమరంగులోకి పోతుంది. పప్పు పొడి చేసి ముందు చన్నీళ్లలో కలుపు, నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండ కడుతుంది. అరగంట మరిగించి రాత్రంతా కదపకుండా ఉంచితే మాంసకృత్తులు, పీచు అడుక్కి దిగుతాయి. పైన తేరిన బంకని గుడ్డలో వడగట్టి పొర పోసుకో. అడుగుది కూడా పారేయకుండా విడిగా ఒక పొర పోసి చూడు, పోల్చి రాయడానికి పనికొస్తుంది. స్టార్చ్ అరిగినట్టు ఇది మన కడుపులో అరగదు, పీచులా వెళ్లిపోతుంది. థీసిస్‌లో “తినదగినది” అని రాసేటప్పుడు ఆ సంగతి కూడా రాయాలి. అమ్మే మాట వస్తే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనుమతించిన పదార్థాల జాబితా చూసుకోవాలి.

అడక్కపోయినా ఒక మాట. గ్లిజరిన్ ఎక్కడ కొంటున్నావు? సబ్బులు చేసేవాళ్ల దగ్గర డ్రమ్ములోంచి పోసిచ్చేది వద్దు. తినే పొరకి తినడానికి పనికొచ్చే రకమే, సీసా మీద ఆ మాట ఉన్నదే తీసుకో. చూపుకీ చేతికీ గ్లిజరిన్‌లాగే ఉండే డైఇథిలీన్ గ్లైకాల్ విషం. 2022లో గాంబియాలో దగ్గు మందుల్లో అది, దాని తమ్ముడు ఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉండటంతో పసిపిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. ల్యాబులో పొర రుచి చూడాలని ఎవరికైనా సరదా పుడితే, ఆ సీసా ముందు నువ్వు చదివి ఉండాలి.

ప్రశ్న: అమ్మాయీ, నాకు డెబ్బై దాటాయి, వెల్లుల్లి కూడా ముట్టను. ఈ తినే కవర్లు శాకాహారమేనా? ఆపిల్ పండు గీరితే మైనం రాలుతోంది, అదేమిటో కూడా చెప్పు.
– ఒక పెద్దావిడ, బరంపురం

జవాబు: అన్నీ కావండి పిన్నిగారూ, అడిగి తీసుకోవాలి. స్టార్చ్, పళ్ల తొక్కల్లోంచి తీసే పెక్టిన్, మొక్కజొన్నలోని జీన్ అనే మాంసకృత్తు, నాచులోంచి వచ్చే అగర్ మొక్కలవే. బజార్లో చైనా గ్రాస్ అని అమ్మేది ఆ అగరే. జెలటిన్ మాత్రం పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారు, మందు గొట్టాల్లో చాలావాటి గొట్టం అదే. కైటోసాన్ అని ఇంకొకటుంది, దాన్ని రొయ్యల పొట్టు, పీతల డిప్పల నుంచి తీస్తారు.

ఆపిల్ మీద మైనం తేనెమైనం కావచ్చు, కార్నోబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనం కావచ్చు, లక్క పురుగు నుంచి వచ్చే షెల్లాక్ కావచ్చు. ఈ మూడింటికీ మన చట్టంలో అనుమతి ఉంది, ఏది పూశారో చెప్పాలన్న నియమమూ ఉంది. తోపుడు బండి వాడు చెబుతాడా అంటే, చెప్పడు. చట్టం లెక్కలో తేనెమైనం, షెల్లాక్ మాంసాహారం కిందికి రావు, ఆకుపచ్చ చుక్కే పడుతుంది. మీ నియమం చట్టం కన్నా గట్టిది కాబట్టి తొక్క తీసి తినండి. మనవలకి గోధుమ, సోయా, పాలు పడకపోతే వాటి మాంసకృత్తులతో చేసిన పొరలూ పడవు, ఆ సంగతి కోడలికి చెప్పండి.

ప్రశ్న: మా ఆవు చెత్తకుప్ప దగ్గర “కంపోస్టబుల్” అని రాసిన సంచీ నమిలేసింది. మొక్కజొన్నతో చేసినదే కదా, ఫరవాలేదా?
– గుణుపురం

జవాబు: ఫరవా ఉంది, పశువుల డాక్టరుకి చూపించండి. అలాంటి సంచీకి ఐ.ఎస్./ఐ.ఎస్.ఓ. 17088 అనే ప్రమాణం ఉంటుంది. 58 డిగ్రీల దగ్గర వేడెక్కే పెద్ద కంపోస్టు కుప్పలో ఆరు నెలల్లోపు కుళ్లాలన్నది దాని పరీక్ష. ఆవు కడుపు 39 డిగ్రీలు, అది ఆరు నెలలు ఆగదు. కుళ్లేదంతా తినేది కాదు.

ప్రశ్న: టీచరమ్మా, మాది రాయగడ దగ్గిర పల్లి. మా సంఘం ఆడోళ్లం అడ్డాకు ఏరుకొచ్చి ఇస్తర్లు కుడతాం. ఇప్పుడొక సేటు వచ్చి ఆకుకి ప్లాస్టిక్ కాయితం అతికించి మిషన్లో నొక్కితే ఎక్కువ రేటు ఇస్తానంటున్నాడు. ప్లాస్టిక్ బదులు మీ గంజి కాయితం ఎయ్యొచ్చా? పులుసు కారిపోదా? మా పాప చేత రాయిస్తున్నాను.
– సంఘం సభ్యురాలు, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, రెండూ వద్దు. వేడి పులుసు పడితే గంజి కాగితం అందులోనే కరిగిపోతుంది. తింటే ఏమీ కాదు, కానీ డబ్బు పెట్టి పొర వేసి పులుసులో కలుపుకోవడం ఎందుకు? అడ్డాకు మీద దేవుడిచ్చిన మైనం పూత ఉంది. మా గంజి పొరలకి చేతకాని పని, నీటిని ఆపడం, ఆ ఆకు ఊరికే చేస్తోంది. ఈ ఊళ్లలో పెళ్లి భోజనాలు దాని మీదే కదా జరిగేది. కారితే కారేది పుల్ల గుచ్చిన కన్నాల దగ్గర, ఆకూ ఆకూ కలిసే చోట.

అక్కడికి మందు బంక. రెండు వరసల ఆకు తీసుకుని, పై వరస కీళ్లు కింది వరస ఆకు నడిమికి వచ్చేటట్టు పరచండి. మధ్యలో పల్చగా చింతగింజ బంక గానీ, ఉడికించిన మైదా గానీ రాసి వేడి అచ్చులో నొక్కండి. కన్నాలు ఉండవు, పుల్లలు అక్కర్లేదు, భోజనం అయ్యేంతసేపు ఆగుతుంది. తేమ ఉన్న ఆకుని కట్ట కట్టకండి. మీ సరుకుని వెనక్కి తిప్పేది ఎక్కువగా బూజే. బంక పెట్టిన విస్తరికి ఆ భయం ఇంకొంచెం ఎక్కువ, నొక్కాక మళ్లీ ఆరబెట్టాలి.

సేటు ఇచ్చే రేటు మంచిదే కావచ్చు. ప్లాస్టిక్ పళ్లేలు ఆగిపోయాక ఆకు విస్తరికి గిరాకీ పెరిగింది, అది ఆకు కాబట్టే పెరిగింది. దానికి ప్లాస్టిక్ అంటిస్తే మీ విస్తరిని ఆవు తినకూడదు, పెంటలో వెయ్యకూడదు, పైగా ఎప్పుడో ఒకరోజు ఎవరో వచ్చి ఇది నిషేధంలో ఉందో లేదో తేల్చమంటారు. ఆ పేచీలో మీరెందుకు పడాలి? “బంక విస్తరి ఇస్తాం, ఎంతిస్తావు?” అని అడగండి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు. నాచుతో నీళ్ల సంచీ చేసి లండన్‌లో పరుగుపందెంలో పంచారట, తాగి సంచీ కూడా మింగేశారట. నిజమా? మన దగ్గర నాచు లేదా?
– గోపాల్‌పూర్

జవాబు: నిజమే. 2019 లండన్ మారథాన్‌లో పంచారు. లోపల ఉన్నది శక్తి పానీయం. చేసింది నోట్‌ప్లా అనే సంస్థ, 2022లో దానికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. గోధుమరంగు నాచులోంచి తీసే ఆల్జినేట్ ద్రావణం కాల్షియం తగలగానే గట్టిపడుతుంది, ఆ గుణం మీద నడిచే పని ఇది. రోడ్డు పక్క పరిగెత్తేవాళ్లకి అక్కడికక్కడే ఇచ్చారు కాబట్టి సరిపోయింది. కొట్లో నెల్లాళ్లు నిలవ ఉంచే నీటి సీసాకి అది బదులు కాదు.

మన చిలిక సరస్సులో గ్రేసిలేరియా అనే ఎర్రనాచు ఉంది, దాన్నుంచి వచ్చేది అగర్. నన్నడిగితే మనకి అదే ఎక్కువ పనికొస్తుంది. అగర్ పొర చన్నీళ్లలో కరగదు, 85 డిగ్రీల పైన కరుగుతుంది. అంటే ఒక పూటకి సరిపడా చారుపొడి అందులో కట్టి, పైన మామూలు డబ్బాలో పెట్టి అమ్మితే, పొట్లాన్ని విప్పకుండా మరిగే చారులో వేసేయొచ్చు. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు వేసి కరగలేదని నాకు ఉత్తరం రాయకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మిఠాయి కొట్టు. డబ్బా పైన చుట్టే ప్లాస్టిక్ మానేశాం. లోపల వరసకీ వరసకీ మధ్య వేసే బటర్ పేపరు స్థానంలో గంజి పొర వేస్తే బాగుంటుందా? ఖర్చు ఎంతవుతుంది? దసరాకి మొదలెట్టాలని ఉంది.
– మిఠాయి వ్యాపారి, బరంపురం

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో పొరకి సరైన చోటు చూపించింది మీరు. నెయ్యికీ గంజి పొరకీ పొసగదు, అందుకే నెయ్యిని అది చక్కగా ఆపుతుంది. పొడిగా ఉన్నంతసేపు గాలిని కూడా ఆపుతుంది, ఏలకుల వాసన పట్టి ఉంచుతుంది. డబ్బా లోపల కాబట్టి దుమ్ము, చేతులు తగలవు. మైసూర్‌పాక్, లడ్డు, జీడిపప్పు బర్ఫీ, వీటికి వేయండి. ఛెనాపోడ, రసగుల్లా, పాకంలో ఊరేవి ఏవైనా వద్దు, సాయంత్రానికి పొర ముద్దవుతుంది. న్యూస్‌పేపర్ మాత్రం ఎప్పుడూ వేయకండి, సిరా తిండికి అంటుతుందని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఎప్పుడో వద్దంది.

ఖర్చు దగ్గర ఒక లెక్క వేసుకుందాం. పైన సిరొంచ మాస్టారికి ఇచ్చిన కొలత ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లకి ఆరున్నర గ్రాముల సరుకు. అంటే కిలో పొర కావాలంటే దాదాపు పదిహేను లీటర్ల నీళ్లు ఆవిరి చేయాలి. రవ్వంత వేడి వృథా కాకపోయినా ముప్పాతిక కిలో గ్యాస్ పైమాటే, మన పొయ్యిల మీద దానికి రెట్టింపు. పిండి చవకే, నీటిని తోలడానికే ఖర్చు. పాలిథిన్ కరిగించి ఊదేస్తే చాలు, ఆరబెట్టే పని లేదు. అందుకే పెద్ద ఫ్యాక్టరీలు పొర పోయడం మానేసి, తక్కువ నీటితో తడిపిన పిండిని వేడి మరలో మురుకుల గొట్టంలోంచి తోసినట్టు తోస్తాయి. ఎండ ఉచితమే కదా అంటారా? అప్పడాల ఊరివాళ్లకి ఎండబెట్టడం నేర్పాలా అంటారా? దసరా నాటికి మన మబ్బులూ తుఫానులూ ఎలా ఉంటాయో మీకూ తెలుసు. ఫైలిన్ వచ్చింది అక్టోబరులోనే, తిత్లీ వచ్చింది అక్టోబరులోనే.

కాబట్టి అన్ని డబ్బాలకీ కాదు, ఖరీదైన నేతి మిఠాయిల కిలో డబ్బాకి మాత్రం పెట్టుకోండి. డబ్బా మీద పొరలో ఏమేమి ఉన్నాయో రాయండి, తినొచ్చని కూడా రాయండి, లేకపోతే ప్లాస్టిక్ అనుకుని పారేస్తారు. పొరలు వేసవి చివర్లోనే పోయించి, గాలి చొరని డబ్బాలో కాగితం మధ్యన పెట్టి దాచండి. కొనే ముందు మీరే ఒక పరీక్ష చేయండి. అద్దుడు కాగితం మీద పొర, పొర మీద కరిగిన నెయ్యి చెంచాడు, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి కాగితం మీద మరక కనిపిస్తే పొరలో సూదికన్నాలున్నట్టు. అప్పుడు ఇంకొంచెం మందంగా పోయమనండి, పోసే ముందు బుడగలు పోయేదాకా ఆగమనండి.